పూవు వాడుట: రేకులలోని కణములు ఎట్లు చనిపోవును?

గండిపేట చెరువు చుట్టుపట్లను, మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములందును పూల సేద్యము నేడు అనేక కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. చెల్కలలో బంతియు, చామంతియు. పాలిహౌసులలో గులాబీ, జెర్బెరా, కార్నేషన్ మొదలగునవియు పెరుగుచున్నవి. కోసిన పూవు బిజాపూరు బాట వెంట తెల్లవారకమునుపే గుడిమల్కాపూరు పూల అంగడికి చేరవలెను. వడ్లకు ధర లేనిచో రైతు వానిని గాదెలో పోసికొని నెల దినములు ఓపిక పట్టవచ్చును. పూవునకు గాదె లేదు. ఒక పూట ఆలస్యమైనచో నెలల తరబడి పడిన శ్రమ పెంటకుప్ప పాలగును. కావున పూవు ఎందుకు వాడును, ఎట్లు వాడును, ఎంతవరకు ఆపవచ్చును, ఎచటినుండి ఆపజాలము అను సంగతులను పూతోట గల ప్రతి సభ్యుడును తెలిసికొనవలసియున్నది. ఈ నెల పాఠమునకు దానినే విషయముగా గైకొంటిమి.

మొదట మా పొరపాటొకటి చెప్పుకొనవలెను. కొన్ని యేండ్ల క్రిందట మే నెలలో, మా ప్రాంతపు రైతొకరు పాలిహౌసులో కార్నేషన్ పెంచుచుండిరి. ఆయన పూలు ఒక వ్యానుకు నిండవు. పొరుగు రైతు మామిడిపండ్ల బుట్టలును అదే రాత్రి నగరమునకు పోవలసియుండెను. రెండును ఒకే వ్యానులో వేసినచో కిరాయి సగమగునని మేమే సలహా చెప్పితిమి. పూలకట్టలను నీళ్ల బకెట్లలో నిలిపి, ప్రొద్దు గూకిన పిమ్మట ఎక్కించి, దుమ్ము పడకుండ తలుపులు బిగించితిమి. తెల్లవారుజామున అంగడిలో తలుపులు తెరచునప్పటికి రేకుల అంచులు లోపలికి ముడుచుకొని, పూలన్నియు నిద్రపోవుచున్నట్లు తలలు మూసికొనియుండెను. వ్యాపారులు ఒకసారి చూచి ప్రక్కకు పోయిరి. బకెట్లలో క్రొత్త నీరు పోసి మధ్యాహ్నమువరకు కాచితిమి. ఒక్క పూవును తిరిగి విచ్చుకొనలేదు.

అపుడా రైతు మమ్ము అడిగిన మాట ఇది: "నీళ్లల్లనే ఉండె గద సారూ, ఎండకుంటనే ఎట్ల సచ్చినయి?"

మేము ఎండదెబ్బ అని చెప్పి తప్పించుకొంటిమి. ఆ జవాబు తప్పు. సరియైన జవాబు ఈ పాఠములో వ్రాయుచున్నాము.

1. కణమన నేమి?

మేము మిషన్ బడిలో చదువుకొను దినములలో ఉపాధ్యాయులు ఉల్లిగడ్డ లోపలి పలుచని పొరను గాజు పలకపై పరచి సూక్ష్మదర్శినిలో చూపించిరి. గోడకు పేర్చిన ఇటుకలవలె గదులు గదులుగా కనబడెను. ఆ ఒక్కొక్క గదియే ఒక జీవకణము. పూరేకును అట్టి కణములతోనే కట్టబడియున్నది. పైన ఒక వరుస చర్మకణములు, క్రింద ఒక వరుస చర్మకణములు, నడుమ వదులుగా అమరిన మెత్తని కణములు ఉండును.

ప్రతి కణమునకు వెలుపల ఒక గోడ కలదు. గోడకు లోపల పలుచని పొర యొకటి కలదు. ఆ పొరలోపల జీవరసము, దాని నడుమ రసము నిండిన పెద్ద తిత్తి యొకటి ఉన్నవి. పుస్తకములలో ఈ తిత్తిని రిక్తిక యందురు. రేకు కణములో అధిక భాగము ఈ తిత్తియే. మందారము, గులాబీ మొదలగువాని ఎరుపురంగు దీనిలోనే కరగియుండును. రేకులో కొయ్య లేదు, గట్టి నార లేదు. తిత్తి నీటితో నిండి, గోడను లోపలనుండి నొక్కుటచేతనే రేకు నిగనిగలాడుచు నిలిచియున్నది. సైకిలు ట్యూబులో గాలి నిండినపుడు టైరు బిగిసియుండును గదా, అదే విధము.

పొర ప్రాణముతో ఉన్నంతకాలము తిత్తిలోని రసము వెలుపలికి రాదు. దీనిని ఇంటనే చూడవచ్చును. ఎఱ్ఱ గులాబీ రేకులు రెండు తీసికొని, ఒకదానిని చల్లని నీటిలోను, ఒకదానిని కాగిన నీటిలోను వేయుడు. చల్లని నీరు తేటగనే ఉండును. కాగిన నీరు కొంతసేపటికి రంగు తిరుగును. వేడిచేత కణములు చచ్చినవి, పొరలు చెడినవి, రంగు కారిపోయినది.

దీనినిబట్టి వాడుట రెండు విధములని తెలియును. మొదటిది దప్పి. నీరు చాలక తిత్తి వదులై రేకు వ్రాలినది గాని పొర చెడలేదు. కాడను కొంచెము కోసి నీటిలో పెట్టినచో కొన్ని గంటలలో తల యెత్తును. రెండవది చావు. పొర చినిగినది. ఎంత నీరు పోసినను నిలువదు. పగిలిన కుండలో నీరు పోసినట్లగును. రైతు కంటికి రెండును ఒక్క తీరుగానే కనబడును. కాని మొదటిదానికి మందు కలదు, రెండవదానికి లేదు. మా పొరపాటంతయు ఈ భేదము తెలియకపోవుటయే.

2. చావు ఏ వరుసను జరుగును?

కణము చచ్చుట దీపములో నూనె అయిపోయి ఆరిపోవుటవంటిది కాదు. ఒక క్రమము ప్రకారము జరుగు పని.

మొదట కణమునకు వెలుపలనుండిగాని లోపలనుండిగాని ఒక సూచన అందును. అంతట కణపు కేంద్రకములో, అంతవరకు మూసియున్న కొన్ని జన్యువులు తెరచుకొనును. వాని ఆజ్ఞచేత క్రొత్త ఎంజైములు తయారగును. ఒకటి మాంసకృత్తులను ముక్కలు చేయును. ఒకటి పొరలలోని కొవ్వును విడదీయును. ఒకటి కేంద్రకములోని జన్యుపదార్థమునే తునకలు చేయును.

ఇంతలో కణము తన లోపలి భాగములను చిన్న చిన్న సంచులలో చుట్టి, తిత్తిలోనికి చేర్చి, అచట జీర్ణము చేయును. తన్ను తానే తినుటవంటి ఈ పనికి స్వయంభక్షణమని పేరు. ఈస్టు కణములలో ఈ పని జరుగు తీరును కనిపెట్టిన జపాను శాస్త్రజ్ఞుడు యొషినోరి ఓసుమి గారికి 2016లో నోబెల్ బహుమానము ఇచ్చిరి. ఈస్టులో చూచిన పనియే పూరేకులలోను జరుగుచున్నదని పరిశోధకులు కనుగొనిరి. జీవరసము తగ్గుచు, తిత్తి పెద్దదగుచు వచ్చును. కడపట తిత్తి పొర చినుగును. దానిలోని కోసివేయు రసములన్నియు ఒక్కమారుగా కణమంతట పారును. అదియే కణము యొక్క చావు. దాని వెనుకనే వెలుపలి పొర చెడి, రసము, రంగు, నీరు కారిపోవును. అప్పటికి గాని రేకు ముడుతపడి ఎండదు.

ఎఱ్ఱ గులాబీ ముదిరినపుడు నీలిఛాయ తిరుగుట మీరెరిగినదే. మాంసకృత్తులు విరిగినపుడు అమ్మోనియా పుట్టును. దానిచేత తిత్తిలోని పులుపు తగ్గును. పులుపు తగ్గగనే ఎరుపు నీలమునకు తిరుగును. కావున ఆ నీలిఛాయ లోపల పని ప్రారంభమైనదనుటకు గురుతు.

మరియొక సంగతి గమనింపదగినది. ఐరిస్ అను పూవును పరీక్షించినపుడు, రేకు నడుమనున్న మెత్తని కణములు ముందుగా చచ్చుననియు, పైచర్మపు కణములు వెనుక చచ్చుననియు తేలినది. అనగా పూవు మన కంటికి బాగుగనే ఉండును గాని లోపల సగము చచ్చియుండవచ్చును. ఉదయము కొన్న పూవు సాయంకాలమే పోయినదని వ్యాపారి మొరపెట్టుకొనునపుడు, అతడు ఎల్లప్పుడును అబద్ధమాడుచున్నాడని తలంపరాదు.

3. ఇది కూలుట కాదు, విప్పుట

చచ్చుట బలహీనతచేత కాదు, పనిచేత జరుగుచున్నదని ఎట్లు తెలిసినది? శాస్త్రజ్ఞులు కొన్ని పూలకు, క్రొత్త మాంసకృత్తులు తయారు కాకుండ ఆపు మందు ఇచ్చి చూచిరి. రేకు బలము లేక చచ్చుచున్నచో ఈ మందుచేత ఇంకను త్వరగా చావవలెను. కాని గ్లాడియోలస్, ఐరిస్ వంటి పూలలో రేకులు మామూలుకంటె ఎక్కువకాలము నిలిచినవి. చచ్చుటకు కావలసిన పనిముట్లు తయారు కాకపోవుటచేత చావు ఆలస్యమైనదన్నమాట. ఆ మందు విషము. పరీక్షశాలకే గాని పొలమునకు పనికిరాదు. కాని అది చూపిన సత్యము గొప్పది.

జపానులో 2014లో మరియొక పరీక్ష ప్రకటించిరి. కాశీరత్నము జాతికి చెందిన ఒక తీగపూవు ఉదయము విచ్చి ఆ దినమే ముడుచుకొనును. దానిలో ఒక్క జన్యువును అణచివేయగా పూవు ఇంచుమించు రెండింతల కాలము నిలిచినది. చావునకు ఆజ్ఞ ఇచ్చువారిలో ఒకరిని పట్టి కట్టివేసినట్లయినది.

మన యింటి ముంగిట సాక్ష్యములు లేకపోలేదు. మందారము ఉదయము విచ్చి ఆ రాత్రికో మరునాటికో ముడుచుకొనును. చంద్రకాంత సాయంకాలము విచ్చి తెల్లవారి ఎండ రాగానే ముడుచుకొనును. రెండును చెట్టు మీదనే, తడి పాదులో వేళ్లుండగనే వాడుచున్నవి. నీరు లేక కాదు, గడువు తీరి.

చెట్టు తన పూవును తానే ఎందుకు చంపుకొనవలెను? రేకు తేనెటీగలను పిలుచుటకు కట్టిన పందిరి. అది ఊపిరి పీల్చుచు చక్కెర ఖర్చు చేయును, నీటిని ఆవిరి చేయును. పుప్పొడి చేరి పని తీరిన పిమ్మట ఆ పందిరిని నిలుపుట చెట్టునకు దండుగ. పాత యిల్లు విడిచి క్రొత్త యిల్లు కట్టుకొను రైతు ఏమి చేయును? పాత యింటిని వానకు కూలనీయడు. పెంకులు దించును, వాసములు ఊడదీయును, దూలములు మోసికొనిపోయి క్రొత్త యింటికి వాడుకొనును. రేకు కూడ అంతే. దానిలోని చక్కెరను, నత్రజనిని, భాస్వరమును విడదీసి, పిందెకును, చెట్టునందలి ఇతర భాగములకును పంపును. చెట్టు మీదనే వాడి ఎండు పూలలో ఈ తరలింపు విశేషముగా జరుగును.

మనుష్యుల శాస్త్రములోనికి పూవు పేరు ఎక్కిన కథ యొకటి కలదు. 1972లో కెర్, విల్లీ, కర్రీ అను మువ్వురు జంతు శరీరములో కణములు ఒక పద్ధతి ప్రకారము చనిపోవుటను వర్ణించి, దానికి 'అపాప్టోసిస్' అని పేరు పెట్టిరి. పూరేకులు, ఆకులు రాలుట అని ఆ గ్రీకు మాటకు అర్థము. అయినను జంతువులలో చచ్చిన కణమును ప్రక్క కణములు మ్రింగును. మొక్కలో గోడ అడ్డము కాబట్టి ఎవరి కణమును వారే జీర్ణము చేసికొనవలెను. అందుకే తిత్తికి ఇంత పని.

ఇచట బతుకమ్మ పేర్చు ఆడపడుచులు ఒక ప్రశ్న వేయవచ్చును: గునుగు ఎందుకు త్వరగా వాడదు? గునుగు రేకులు మొదటినుండియు పొడిగా, కాగితమువలె ఉండును. నీటి ఒత్తిడిపై నిలుచు రేకులు కావు. కాబట్టి నీరు పోయినను రూపు చెడదు. తంగేడు రేకులు మెత్తనివి, నీటితో నిలుచునవి. అవి మరునాటికే వ్రాలును.

4. ఆజ్ఞ మోయు గాలి

ఇపుడు మా రైతు ప్రశ్నకు వచ్చుచున్నాము. ముదిమి, పుప్పొడి పడుట, దెబ్బ తగులుట, దప్పి, వేడి, ఇవన్నియు చావు సూచనలే. కాని చాల పూలలో ఈ సూచనలను కణమునుండి కణమునకు మోయునది ఒక గాలి. దాని పేరు ఇథిలీన్. అది కంటికి కనబడదు. అంగళ్లలో ఉండు కొలదిపాటికి వాసనయు తెలియదు.

మామిడికాయలను మాగవేయుట, అనగా మక్కబెట్టుట, మనకు తాతల నాటినుండి తెలియును. ఒక పండిన కాయ పచ్చికాయల నడుమ నున్నచో అన్నియు పండును. పండునుండి వచ్చు ఇథిలీనే దానికి కారణము. పండును మాగించు ఆ గాలియే పూవును వాడించును.

దీని చరిత్ర దీపముల వాయువుతో ప్రారంభమైనది. 1901లో రష్యా దేశమున నెల్యుబోవ్ అను శాస్త్రజ్ఞుడు, దీపముల వాయువు కలిసిన గాలిలో బఠాణి మొలకలు వంకరపోవుటకు ఇథిలీన్ కారణమని చూపెను. 1908లో అమెరికాలోని చికాగోలో క్రాకర్, నైట్ అను ఇరువురు, అద్దపు ఇండ్లలో కార్నేషన్ పూలు మూసికొని నష్టపడుచున్న తోటవారి మొరను పరిశోధించి, దీపపు వాయువులోని ఇథిలీనే దోషియని నిర్ణయించిరి. మన మూసీ నదికి గొప్ప వరద వచ్చినదియు ఆ సంవత్సరమే. 1934లో ఇంగ్లండులో గేన్ అను నతడు పండిన ఆపిలు పండ్లే ఈ వాయువును పుట్టించుచున్నవని రుజువు చేసెను. 1979లో ఆడమ్స్, యాంగ్ అనువారు మొక్క దీనిని ఏ పదార్థమునుండి తయారు చేసికొనునో చూపిరి.

అనగా మా వ్యానులో జరిగినది, చికాగో తోటవారికి నూరేండ్లకు పూర్వమే జరిగినది. పది లక్షల పాళ్ల గాలిలో ఒక పాలు ఇథిలీన్ ఉన్నను కార్నేషన్ ముడుచుకొనుటకు చాలును. మూసిన వ్యానులో, మే నెల వేడిలో, మామిడిపండ్ల బుట్టల ప్రక్కన రాత్రియంతయు నిలిపినపుడు ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఇంకొక చిక్కు కలదు. ఇథిలీన్ తగిలిన కార్నేషన్ తానును ఇథిలీన్ పుట్టించును. ఒక పూవు రెండవదానికి, రెండవది మూడవదానికి చావు కబురు మోయును. మేము క్రొత్త నీరు పోయునప్పటికే ఆజ్ఞ వెలువడి, లోపల పని సాగిపోయినది. ఆ పూలకు కావలసినది నీరు కాదు, స్వచ్ఛమైన గాలి. అదియు ముందురోజు సాయంకాలమే కావలసినది.

5. అన్ని పూలు ఒక్క తీరు కావు

కార్నేషన్, ఆర్కిడ్, గులాబీలలో కొన్ని రకములు ఇథిలీన్‌కు త్వరగా లొంగును. చామంతి, గ్లాడియోలస్ రేకులు దానికి అంతగా లొంగవు. వానికి గడువు లోపలనుండియే తీరును. కాని అవి వాడు వేగము చక్కెర, నీరు, చల్లదనములమీద ఆధారపడియుండును. గ్లాడియోలస్ వెన్నులో క్రింది పూవు ముందు వాడి పైమొగ్గకు తన సారమును విడుచును. కాబట్టి వాడిన క్రింది పూవును చూచి వెన్నంతయు చెడినదనరాదు.

గులాబీ మెడ వంగుట, జెర్బెరా కాడ వ్రాలుట తరచుగా చావు కాదు, దప్పి. నీటిలో పెరుగు సూక్ష్మజీవులును, కోసినపుడు చొచ్చిన గాలిబుడగలును కాడలోని నీటిదారులను మూసివేయును. బకెటులో నీరుండియు పూవునకు అందదు. జెర్బెరాకు మురికినీరు మిక్కిలి హాని.

బంతి, విడిచామంతి, మల్లెలకు కాడలేదు, నీటి బకెటు లేదు. వానికి శత్రువు వేడి. కోసిన పూవు ఊపిరి పీల్చుచునే యుండును. వేడి 10 డిగ్రీలు పెరిగినచో ఆ ఊపిరి ఇంచుమించు రెండింతలగును. గోనెసంచిలో కుక్కిన పూలు తమ వేడిచేత తామే ఉడుకును. చేయి పెట్టి చూచిన రైతులకు ఇది తెలియును. దాచుకొన్న చక్కెర త్వరగా ఖర్చై, కణములు గడువునకు ముందే చచ్చును.

6. రైతు చేయవలసినది

చావును తప్పింపలేము. ఆజ్ఞ వెలువడుటను ఆలస్యము చేయగలము. కావున పని అంతయు కోతనాడే, మొదటి గంటలలోనే జరుగవలెను.

మొదటిది, కోత వేళ. ఎండ ఎక్కకమునుపుగాని, ప్రొద్దు వాలిన పిమ్మటగాని కోయుడు. గులాబీని బిగిమొగ్గగా, వెలుపలి రేకు ఒకటి రెండు వదులగునపుడును, గ్లాడియోలస్‌ను క్రింది మొగ్గలు రంగు చూపునపుడును, మల్లెను విచ్చకమునుపే మొగ్గగను కోయవలెను. జెర్బెరాను మాత్రము తొందరపడి కోయరాదు. నడుమనున్న చిన్నపూలలో వెలుపలి రెండు వరుసలు విచ్చినపుడే కోయవలెను.

రెండవది, నీరు. కాడపూలను కోసిన వెంటనే నీడలో నీటిలో నిలుపుడు. కాడ చివరను పదునైన కత్తితో ఒక అంగుళము మేర ఏటవాలుగ తిరిగి కోయుడు. నీటిలో ముంచి కోసినచో గాలిబుడగ చొరదు. నీటిలో మునుగు ఆకులను తీసివేయుడు.

మూడవది, శుభ్రత. అన్నము తిను పళ్లెమునకు ఎంత శుభ్రమో పూల బకెటునకు అంత శుభ్రము కావలెను. ప్రతిదినము బ్లీచింగ్ పొడి నీటితో కడిగి ఆరబెట్టుడు.

నాలుగవది, ఆహారము. గులాబీ, గ్లాడియోలస్‌లకు లీటరు నీటికి 20 గ్రాముల చక్కెర, పావు గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఇచ్చినచో మొగ్గ బాగుగ విచ్చును, కణములకు ఖర్చునకు సొమ్ము చేతిలో నుండును. కాని చక్కెర ఒక్కటే వేయరాదు. అది సూక్ష్మజీవులకును ఆహారమే. శుభ్రమైన బకెటు, నిమ్మ ఉప్పు లేనిచోట చక్కెర మేలుకంటె కీడే చేయును.

అయిదవది, చల్లదనము. విడిపూలను గుట్టలు పోయక, గాలి పారు బుట్టలలో పలుచగ నింపుడు. వేడి తగ్గించుటకు బుట్టపై తడిగుడ్డ కప్పుడు గాని, పూలమీదనే నీరు కుమ్మరింపకుడు. తడిసిన పూలకు బూజు పట్టును. శీతలగది ఉన్నచో గులాబీని 2 మొదలు 4 డిగ్రీల చలిలో ఉంచవచ్చును. ఒక్క రైతు శీతలగది కట్టుకొనలేడు. పదిమంది కలసిన సంఘము కట్టుకొనగలదు. సభ్యులు ఈ సంగతి రాబోవు సమావేశములో ఆలోచింపవలెనని కోరుచున్నాము.

ఆరవది, గాలి. పూలబండిలో పండ్లు వేయకుడు. పూలు నిలువయుంచు గదిలో అరటి, మామిడి, జామ పండ్లుండరాదు. పొగలోను, నిలిచి మ్రోగుచున్న లారీ ప్రక్కనను పూలు ఉంచరాదు. పొగలోను ఇథిలీన్ కలదు. వాడిన పూవును కట్టలోనుండి వెంటనే తీసివేయుడు.

కార్నేషన్‌కు ఇథిలీన్ కబురు వినబడకుండ చేయు మందులు కలవు. 1978లో హాలెండువారు వెండి కలిసిన మందు నొకదానిని ప్రకటించిరి. కాడకు కొలదిసేపు పట్టించినచో పూవు ఇంచుమించు రెండింతల కాలము నిలుచును. కాని వెండి నీటిలోని జీవులకు విషము. మన గండిపేట చెరువు 1908 వరద పిమ్మట మూసీని అదుపు చేయుటకును, నగరమునకు త్రాగునీరిచ్చుటకును 1920లో కట్టబడినది. మన పొలముల నీరు ఆ చెరువు వాగులలోనికే జారును. అట్టి మందు మిగులును కాలువలోగాని వాగులోగాని పారబోయుట మహాపరాధము. 1990 తరువాత అమెరికాలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ అనువారు కనిపెట్టిన వాయురూపపు మందులో వెండి లేదు. అది మూసిన గదిలో అతిస్వల్పముగ చాలును. ఏ మందైనను వ్యవసాయాధికారుల నడిగి, పొట్లముపై వ్రాసిన ప్రకారమే వాడుడు. ఈ మందులు చావు ఆజ్ఞకు ముందే పనిచేయును. ముడుచుకొన్న పూవును ఏ మందును విప్పలేదు.

7. ఇంట చేయదగిన పరీక్ష

రెండు గాజుసీసాలలో నీరు పోసి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క కార్నేషన్ పెట్టుడు. రెంటికిని పెద్ద ప్లాస్టిక్ సంచులు తొడిగి మూతి కట్టుడు. ఒక సంచిలో మాత్రము బాగుగ పండిన అరటిపండ్లు రెండు ఉంచుడు. రెంటిని నీడలో ఒక్కచోటనే పెట్టి, ఉదయము, సాయంకాలము చూచుడు. రెంటికిని నీరు ఒక్కటే, వేడి ఒక్కటే. భేదము పండ్లు మాత్రమే. ఏ పూవు ముందు ముడుచుకొన్నదో పిల్లలచేత వ్రాయించి, సమావేశమునకు తెండు. మేము చెప్పిన మాటకంటె మీ కన్ను చూచినదే మీకు గట్టి పాఠము.

మా రైతు అడిగిన ప్రశ్నకు ఇపుడు జవాబు ఇది. ఆయన పూలు నీరు లేక చావలేదు. చావుమని కబురు అందుటచేత, తమ యింటిని తామే విప్పుకొని చచ్చినవి. ఆ కబురును మేమే ప్రక్కన కూర్చుండబెట్టి పంపితిమి. మరుసటి యేడు ఆయనకు ఈ సంగతి చెప్పి, మా తప్పు ఒప్పుకొంటిమి. ఆయన నవ్వి, "ఇగ పండ్లు వేరే, పూలు వేరే" అని మాత్రము అనిరి. నాటినుండి ఆయన మరి యిద్దరు పూల రైతులతో కలసి, పూలకే ప్రత్యేకముగ వ్యాను కట్టించుకొని అంగడికి పోవుచున్నారు. కిరాయి ముగ్గురికి పంచినందున ఒక్కరికి భారము కాలేదు. సభ్యులందరును ఇట్లు కలసి నడచుకొందురుగాక యని కోరుచున్నాము.